'తర్వాత' నొక్కేవాళ్ల తరఫున

పోయిన ఆదివారం మా నాన్న ఫోన్ చేతిలోకి తీసుకుంటే, సెక్యూరిటీ అప్‌డేట్ ఒకటి మూడు నెలల నుంచి పడి ఉంది. అది రోజూ అడుగుతోంది, ఆయన రోజూ 'తర్వాత' నొక్కుతున్నారు. నాకు ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్నది ఈ అప్‌డేట్ల ఉద్యోగమే. సొంత తండ్రే ఇలా చేస్తే ఎలా అని కాస్త గట్టిగానే అడిగాను.

"పోయినసారి నొక్కితే నంబర్లు ఉండే చోటు మారిపోయిందిరా. మీ పిన్ని నంబరు వెతుక్కోడానికి ఒక పూట పట్టింది. అంతకు ముందు నొక్కినప్పుడు ఫొటోలన్నీ ఎక్కడికో పంపిస్తానంది. వద్దన్నా వదలకుండా అడుగుతూనే ఉంది. దొంగలు రాకుండా అంటావు నువ్వు. ఇందులో దొంగల సంగతి ఎక్కడుంది?" అన్నారు.

నాకు వెంటనే మాట రాలేదు. ఉపన్యాసం మాత్రం సిద్ధంగా ఉంది: ఈ నెల ప్యాచ్‌లో ఏ రంధ్రం మూశారు, మూయకపోతే ఎవరు దూరతారు, దూరితే బ్యాంకు ఖాతా ఏమవుతుంది. కానీ ఆయన అడిగింది అది కాదు. దొంగల పేరు చెప్పి తలుపు తీయించుకుని, లోపలికి వచ్చాక సామాను తమకు నచ్చినట్టు సర్దిపోయేవాళ్ల గురించి అడిగారు. అలా సర్దినవాళ్లలో నేనూ ఒకణ్ని.

కొన్నేళ్ల కింద వైఫై రౌటర్లు తయారుచేసే ఒక మోస్తరు కంపెనీలో పనిచేశాను. పేరు అనవసరం. అక్కడ నాలుగేళ్ల పాటు నా డ్రాయర్‌లో ఒక స్మార్ట్ కార్డు ఉండేది. చూడ్డానికి బ్యాంకు కార్డులాగే ఉంటుంది. అందులో ఉన్నది మా కంపెనీ సైనింగ్ కీ, అంటే అప్‌డేట్ మాదేనని డిజిటల్ సంతకం చేసే తాళం. ఏ రౌటరైనా కొత్త ఫర్మ్‌వేర్, అంటే పెట్టె లోపల నడిచే సాఫ్ట్‌వేర్, రాగానే ముందు చూసేది సంతకాన్ని. సంతకం సరిపోయిందా, ఇక లోపల ఏముందని అడగదు. రాత్రి మూడింటికి ఎక్కించుకుని, రీస్టార్ట్ అయి, తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు లైట్లు వెలిగించుకుని కూర్చుంటుంది. కార్డు వాడాలంటే నా పిన్, రిలీజ్ మేనేజర్ పిన్ రెండూ కొట్టాలి. ఈ రెండు పిన్‌ల పద్ధతి కూడా తర్వాత వచ్చిందే. నేను చేరిన కొత్తలో ఆ కీ, సాఫ్ట్‌వేర్ తయారయ్యే బిల్డ్ సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లో ఉండేది. దాని పాస్‌వర్డ్ కంపెనీ పేరు, పక్కన సంవత్సరం. నవ్వకండి. మీ ఇంట్లో మినుకుమినుకుమంటున్న పెట్టెల వెనక ఏం జరుగుతోందో మీకు మాత్రం తెలుసా?

ఆ కార్డు బయటికి తీసిన ప్రతిసారీ ఒక ఆలోచన వచ్చేది. ఒక్క రాత్రిలో ఎవరికీ చెప్పకుండా అన్ని ఇళ్లలోని వస్తువులు మార్చేసే అధికారం ఎన్నికల్లో గెలిచినవాళ్లకు కూడా ఉండదు. నాకూ ఇంకొకాయనకూ ఉంది. మమ్మల్ని ఎవరూ ఎన్నుకోలేదు. నా చేతికి ఆ కార్డు ఎందుకొచ్చిందంటే, అంతకు ముందు దాన్ని చూసుకునే అతను వేరే ఉద్యోగంలోకి వెళ్లిపోయాడు. అంతే.

ఒకసారి బయటి రీసెర్చర్ ఒకాయన మాకు మెయిల్ రాశాడు. మా రౌటర్ అడ్మిన్ పేజీకి ఒక పద్ధతిలో అడ్రస్ కొడితే పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి వదిలేస్తోందట. తొంభై రోజులు గడువిచ్చాడు, ఆ తర్వాత బయటపెడతానన్నాడు. మర్యాదస్తుడు. సరిచేయడానికి పట్టింది పదకొండు లైన్ల కోడ్, రెండు రోజుల టెస్టింగ్. మూడో రోజు విడుదల చేయాల్సింది. కానీ ప్రోడక్ట్ వైపు పెద్దాయన ఆగమన్నాడు. వాళ్లు ఏడాదిగా తయారుచేస్తున్న కొత్త పద్ధతి ఒకటి ఉంది: రౌటర్ సెట్టింగులు మార్చాలంటే ఇక మా క్లౌడ్‌లో ఖాతా తెరవాలి, తెరవగానే నెలవారీ చందా స్కీమ్ ఒకటి కనబడుతుంది. అది విడిగా పంపితే ఎవరూ తీసుకోరు. సెక్యూరిటీ ప్యాచ్‌తో కలిపి పంపితే అందరూ తీసుకుంటారు. మీటింగులో ఈ మాట ఆయన దాచలేదు. దాచాల్సిన మాటని కూడా ఆయనకు తోచలేదు.

నేను అభ్యంతరం చెప్పాను. మెయిల్‌లో కూడా రాశాను. తర్వాత కార్డు తీసి, పిన్ కొట్టి, సంతకం చేశాను. ఇంటి లోను ఉందనో, అందరూ చేసేదేననో ఇప్పుడు కారణాలు చెప్పొచ్చు. ఏం చెప్పినా సంతకం పడ్డ మాట నిజం.

రిలీజ్ నోట్స్‌లో ఏం రాశారో ఊహించే ఉంటారు: "సెక్యూరిటీ మెరుగుదలలు, బగ్ ఫిక్సులు."

మొదటి వారం అప్‌డేట్ ఎక్కించుకున్నవాళ్ల గ్రాఫ్ బాగానే ఎక్కింది. తర్వాత అలాగే పడుకుంది. ఖాతా తెరవమని అడిగితే ఒళ్లు మండినవాళ్లు ఇంకొకరికి చెప్పారు, ఆ ఇంకొకరు ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేశారు. సెట్టింగుల్లో అది ఎక్కడుందో బొమ్మలతో సహా వివరించినవాళ్లు కూడా ఉన్నారు. గడువు ముగిసి రీసెర్చర్ వివరాలు బయటపెట్టిన నాలుగో రోజు నుంచి బాట్లు, అంటే రంధ్రాలు వెతుకుతూ వాటంతట అవే తిరిగే ప్రోగ్రాములు, మా రౌటర్ల కోసం తిరగడం మొదలుపెట్టాయి. దొరికినవి ఎవరివి? మా మీద కోపంతో తలుపు వేసుకున్నవాళ్లవి. ఆ తర్వాత మీటింగులో "యూజర్లకు అవగాహన లేదు" అని స్లైడ్ వేశారు. ఆ స్లైడ్ చూసినప్పుడు వచ్చిన సిగ్గు, మొన్న నాన్న అడిగినప్పుడు మళ్లీ వచ్చింది.

ఇది మా చిన్న కంపెనీ తెలివి మాత్రమే అనుకోకండి. 2016 సెప్టెంబరు 13న హెచ్‌పీ ప్రింటర్లు కొన్ని ఉన్నట్టుండి వేరే కంపెనీల ఇంక్ కార్ట్రిడ్జ్‌లను తీసుకోవడం మానేశాయి. ఆ రోజు ఎవరూ ఏమీ నొక్కలేదు. అంతకు ముందే వచ్చిన ఫర్మ్‌వేర్‌లో ఆ తేదీ రాసిపెట్టి ఉంది, తేదీ రాగానే అది లేచింది. ఆ ఏర్పాటుకు వాళ్లు పెట్టుకున్న పేరు 'డైనమిక్ సెక్యూరిటీ'. సెక్యూరిటీ అంటే ఎవరికి ఎవరి నుంచి అన్నది పేరులో రాయరు కదా. గోల పెరిగాక, దాన్ని తీసేసుకోవడానికి వేరే ఫర్మ్‌వేర్ ఇచ్చారు.

యాపిల్ సంగతి కొంచెం వేరు. 2017 మొదట్లో వచ్చిన ఐఓఎస్ 10.2.1 పాత ఐఫోన్లను కొన్ని సందర్భాల్లో నెమ్మది చేసేది. కారణం మంచిదే: పాతబడ్డ బ్యాటరీ వల్ల ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా. ఇంజనీరుగా నేనైనా అదే చేసేవాణ్నేమో. కానీ ఫోన్ నెమ్మదించిందని చెప్పలేదు. కొందరు యూజర్లు బ్యాటరీ మార్చి, వేగం కొలిచి, గ్రాఫులు గీసి బయటపెట్టాకే డిసెంబరులో కంపెనీ ఒప్పుకుంది. మంచి పని కూడా చెప్పకుండా చేస్తే దొంగతనంలాగే కనిపిస్తుంది. అప్పటి నుంచి "అప్‌డేట్ చేస్తే ఫోన్ స్లో అయిపోతుంది" అనేవాళ్లకు తిరుగులేని సాక్ష్యం దొరికింది. ఇప్పుడు వాళ్లతో వాదించి చూడండి.

సరే, ఇంతవరకూ చదివి "అయితే అప్‌డేట్లు ఆపేయమంటావా" అంటారు. అక్కడే ఉంది చిక్కు. 2017లో 46 రోజుల తేడాతో జరిగిన రెండు సంఘటనలు నాకు ఎప్పుడూ జంటగానే గుర్తొస్తాయి.

మొదటిది మే 12న వచ్చిన వనాక్రై, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే భాగంలో ఒక రంధ్రం ఉండేది. దాన్ని అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ ఏళ్ల తరబడి తెలిసి కూడా మైక్రోసాఫ్ట్‌కు చెప్పకుండా తన అవసరాలకు వాడుకుంది. దాని కోసం వాళ్లు చేసుకున్న ఆయుధం పేరు ఎటర్నల్‌బ్లూ. అది వాళ్ల చేతిలోంచి జారిపోయి, ఏప్రిల్‌లో షాడో బ్రోకర్స్ అనే ముఠా ద్వారా ఇంటర్నెట్‌లో అందరికీ అందింది. మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. రెండు నెలల పాటు 'తర్వాత' అన్న యంత్రాలు మే నెలలో చిక్కాయి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు సుమారు 19,000 అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకోవాల్సి వచ్చిందని అక్కడి ఆడిట్ సంస్థ అంచనా వేసింది. ఎవరైనా సైన్యం దగ్గరున్న టోమహాక్ క్షిపణులు దొంగిలించినట్టుంది ఇది అని మైక్రోసాఫ్ట్ ప్రెసిడెంట్ బ్రాడ్ స్మిత్ అప్పుడు రాశారు. నిజమే. కాకపోతే క్షిపణి పోతే ఆ గోదాము కాపలాదారుణ్ని అడుగుతారు. ఇక్కడ మాత్రం ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే కుర్రాణ్ని అడిగారు, ప్యాచ్ ఎందుకు వేయలేదని.

రెండోది జూన్ 27న వచ్చిన నాట్‌పెట్యా, యంత్రాలను పనికిరాకుండా చేసే వైరస్. ఉక్రెయిన్‌లో పన్ను లెక్కలు దాఖలు చేయడానికి కంపెనీలు వాడే ఎంఈడాక్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. దాని అప్‌డేట్ సర్వర్‌లోకి దూరినవాళ్లు, అప్‌డేట్లలోనే తమ దొడ్డిదారి పెట్టి పంపారు. ఏప్రిల్ నుంచే వెళుతోంది. బుద్ధిగా 'ఇప్పుడే' నొక్కినవాళ్లకే అది చేరింది. ఒకసారి ఒక నెట్‌వర్క్‌లోకి వచ్చాక, అదే ఎటర్నల్‌బ్లూతోనూ దొంగిలించిన పాస్‌వర్డ్‌లతోనూ పక్క యంత్రాలకు పాకింది. ఓడల కంపెనీ మెర్స్క్ పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 పీసీలు మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవాల్సి వచ్చిందని ఆ కంపెనీ ఛైర్మనే చెప్పారు. లోకమంతా ఉన్న వాళ్ల డొమైన్ కంట్రోలర్లు, అంటే ఎవరు లాగిన్ కావచ్చో చూసుకునే సర్వర్లు, అన్నీ పోయి, ఘానాలో ఒక్కటి మిగిలింది. దాడి సమయానికి అక్కడ కరెంటు పోయి ఉండటం దాని అదృష్టం. ఇది రష్యా సైన్యం పని అని 2018 ఫిబ్రవరిలో అమెరికా, బ్రిటన్ ప్రకటించాయి.

మొదటిది 'తర్వాత' అన్నవాణ్ని కొట్టింది. రెండోది 'ఇప్పుడే' అన్నవాణ్ని కొట్టింది. రెండిటిలోనూ ఒక ప్రభుత్వం చేసిన ఆయుధమే వాడారు, రెండిటిలోనూ దెబ్బ తిన్నది ఆ ప్రభుత్వాలకు సంబంధం లేనివాళ్లు. మా నాన్నకు నేను ఏ బటన్ నొక్కమని చెప్పాలి?

లెక్క ప్రకారం చెప్పాలంటే ఇప్పటికీ 'ఇప్పుడే' అనే చెబుతాను. మూయని రంధ్రం గుండా వచ్చేవాళ్లు రోజూ ఉంటారు, అప్‌డేట్ గుండా వచ్చేవాళ్లు అరుదు. కానీ ఆ అరుదైనది వచ్చినప్పుడు ఒక ఇంటితో పోదు. 2020 డిసెంబరులో, సంస్థల నెట్‌వర్క్‌లు చూసుకునే సాఫ్ట్‌వేర్ అమ్మే సోలార్‌విండ్స్ సంగతి బయటపడ్డప్పుడు, విషం కలిపిన అప్‌డేట్‌ను సుమారు 18,000 సంస్థలు దించుకున్నాయని తేలింది. సంతకం అసలైనదే! బిల్డ్ జరుగుతున్నప్పుడే లోపల కలిపారు, పైన కంపెనీ తన చేత్తో తానే ముద్ర వేసింది. నా కార్డు, నా పిన్, మా మేనేజర్ పిన్ అన్నీ సక్రమంగా ఉన్నా ఇలాంటిది జరగొచ్చు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

శత్రువు కూడా అక్కర్లేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ఫైలు పంపింది. కోడ్ 21 విలువలు కావాలంటోంది, చేతికి వస్తున్నవి 20. లేని ఇరవై ఒకటో దాని కోసం చెయ్యి చాపి విండోస్ కుప్పకూలింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. అప్పటికే మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల యంత్రాలు నీలి తెర మీద ఉన్నాయి. విమానాలు ఆగాయి. ఇందులో ఎక్కువ మంది పట్టించుకోని వివరం ఒకటుంది. కొన్ని సంస్థలు జాగ్రత్తపడి, కొత్త వెర్షన్ వద్దు, ఒక వెర్షన్ వెనకే ఉంటామని సెట్టింగు పెట్టుకున్నాయి. ఆ సెట్టింగు ప్రోగ్రామ్‌కే వర్తిస్తుంది, ఇలాంటి ఫైళ్లకు వర్తించదు. అంటే 'తర్వాత' అనే బటన్ ఉంది కానీ అది దేనికీ తగిలించి లేదు. తర్వాత మార్చారు, కస్టమర్లకు ఆ అధికారం ఇచ్చారు. బాగు చేసిన పద్ధతి మాత్రం ఏమిటంటే, ఒక్కో కంప్యూటర్ దగ్గరికి మనిషి నడిచి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలు తుడిచేయడం. వెనక్కి తీసుకోవడానికి గంటంబావు, బాగు చేయడానికి రోజులు.

ఇప్పుడు ప్రభుత్వాల సంగతి. మా కంపెనీలో లీగల్ చూసే ఆవిడ ఒక సాయంత్రం నా సీటు దగ్గరికి వచ్చారు. మెయిల్ పెట్టకుండా నడిచి వచ్చారంటేనే ఏదో ఉందని అర్థమైంది. "ఒక్క ప్రశ్న. ఒకే ఒక్క సీరియల్ నంబర్ ఉన్న రౌటర్‌కి వేరే బిల్డ్ పంపడం టెక్నికల్‌గా అవుతుందా?" అన్నారు.

అవుతుంది. సర్వర్‌లో రెండు లైన్లు మారిస్తే చాలు. అదే చెప్పాను. ఎవరు అడిగారని అడిగితే, అది చెప్పకూడదన్నారు. థాంక్స్ చెప్పి వెళ్లిపోయారు. తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు. నా కార్డుతో అలాంటి సంతకం పడలేదని మాత్రం చెప్పగలను. ఆ రౌటర్ ఎవరిదో, నేరస్థుడో, విలేకరో, ఎవరి మీదో పిటిషన్ వేసినవాడో నాకు తెలియదు. తెలియకుండానే "అవుతుంది" అన్నాను. ఇంజనీర్లం కదా, అవుతుందా అంటే అవుతుందనే చెబుతాం. చేయొచ్చా అని అడిగితేనే తడబడతాం.

అదే ప్రశ్న కోర్టులో బహిరంగంగా అడిగిన సందర్భం ఒకటుంది. 2015 డిసెంబరులో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో కాల్పులు జరిగాయి. కాల్చినవాళ్లలో ఒకడు వాడిన ఐఫోన్ 5సీ ఎఫ్‌బీఐ చేతికి వచ్చింది. పాస్‌కోడ్ పదిసార్లు తప్పు కొడితే డేటా తుడిచిపెట్టుకుపోవచ్చు. ఆ అడ్డు లేని ఐఓఎస్ ఒకటి ప్రత్యేకంగా తయారుచేసి, సంతకం పెట్టి ఇవ్వమని 2016 ఫిబ్రవరి 16న కోర్టు యాపిల్‌ను ఆదేశించింది. దానికి ఆధారం 1789 నాటి ఆల్ రిట్స్ యాక్ట్. అలాంటి కోడ్ ఎవరైనా రాయొచ్చు, ఎఫ్‌బీఐలోనూ రాసేవాళ్లు ఉన్నారు. వాళ్లకు కావాల్సింది యాపిల్ సంతకం. యాపిల్ కాదంది. విచారణ జరగాల్సిన సమయానికి వేరే ఎవరి ద్వారానో ఫోన్ తెరిపించుకుని, మార్చి 28న ప్రభుత్వం కేసు వెనక్కి తీసుకుంది. అంటే ప్రశ్న తేలలేదు. పక్కకు జరిగింది.

పక్కకు జరిగిన ప్రశ్న వేరే దేశంలో మళ్లీ పైకి వచ్చింది. బ్రిటన్ తన 2016 నాటి ఇన్వెస్టిగేటరీ పవర్స్ చట్టం కింద యాపిల్‌కు రహస్య నోటీసు ఇచ్చిందని 2025 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. తాళం యూజర్ దగ్గరే ఉండే క్లౌడ్ బ్యాకప్‌లు కూడా తెరిచే దారి కావాలని. నోటీసు వచ్చిన సంగతి ఆ కంపెనీ చెప్పడం కూడా చట్టవిరుద్ధమే. యాపిల్ దారి పెట్టలేదు, ఆ నెలలోనే బ్రిటన్‌లో ఆ సదుపాయాన్నే ఎత్తేసింది. యాపిల్‌ను మెచ్చుకోవాలని నాకు ఉత్సాహం లేదు. ఒక దేశ ప్రజల గోప్యత మీద ఒక ప్రభుత్వం, ఒక కంపెనీ గది తలుపు వేసుకుని మాట్లాడుకున్నాయి. ప్రజలకు తెలిసింది లీకు వల్ల.

పోలీసులకు దారి ఉండాలి కదా అని నా స్నేహితుడు ఒకడు ఎప్పుడూ వాదిస్తాడు. వాడు లాయరు, వాడి వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. పిల్లల్ని ఎత్తుకెళ్లినవాడి ఫోన్ ముందు పెట్టుకుని తాళం గొప్పతనం గురించి ఎవరు మాట్లాడతారు? నా అభ్యంతరం పోలీసుల మీద కాదు. దారి పెట్టాక ఎవరు నడుస్తారన్నది దారి నిర్ణయించదు. వాడికి నేను చెప్పే కథ గ్రీసుది. వోడాఫోన్ గ్రీస్ వాడే ఎరిక్సన్ ఎక్స్‌ఛేంజిల్లో, చట్టబద్ధంగా ఫోన్లు వినడానికి పనికొచ్చే భాగం 2003లో ఒక అప్‌గ్రేడ్‌తో పాటు వచ్చింది. కంపెనీ దాన్ని వాడుకలోకి తేలేదు. ఎవరో లోపలికి దూరి దాన్ని రహస్యంగా మేల్కొలిపారు. 2004 నుంచి 2005 దాకా వందకు పైగా ఫోన్లు విన్నారు. అందులో ప్రధానమంత్రి కోస్టాస్ కరమాన్లిస్ ఫోనూ ఉంది. ఎలా దొరికారో తెలుసా? 2005 జనవరిలో వాళ్లు తమ దొంగ సాఫ్ట్‌వేర్‌కి ఒక అప్‌డేట్ వేశారు. అది తేడా కొట్టి మామూలు జనం మెసేజ్‌లు చేరడం మానేశాయి. ఫిర్యాదులు వచ్చాయి, వెతికారు, దొరికింది. దొంగలకు కూడా టెస్టింగ్ తక్కువే.

ఇది పాత సంగతి అంటాడు వాడు. అయితే కొత్తది: అమెరికాలో 1994 నాటి కలియా చట్టం ప్రకారం టెలికాం కంపెనీలు పోలీసులకు వినే ఏర్పాటు పెట్టి ఉంచాలి. సాల్ట్ టైఫూన్ అనే చైనా హ్యాకర్లు ఆ ఏర్పాట్ల దాకా వెళ్లారని 2024లో బయటపడింది. ఆ డిసెంబరులో, ఎన్‌క్రిప్షన్ ఉన్న మెసేజింగ్ వాడండని ప్రజలకు చెప్పిన అధికారుల్లో ఎఫ్‌బీఐ వాళ్లూ ఉన్నారు. అంతకు ఎనిమిదేళ్ల ముందు తాళం తీయమన్న ఎఫ్‌బీఐయే.

మరి ఏం చేయమంటావు? నాకు తెలిసింది చిన్న మరమ్మతులే. మొదటిది, రంధ్రం మూసే అప్‌డేట్‌లో రంధ్రం మూయడం తప్ప ఇంకేమీ ఉండకూడదు. యూరప్ సైబర్ రెసిలియెన్స్ చట్టంలో ఈ మాట ఉంది: సాంకేతికంగా వీలైన చోట సెక్యూరిటీ అప్‌డేట్లు కొత్త ఫీచర్ల నుంచి విడిగా ఇవ్వాలి, వద్దనుకునేవాళ్లకు తేలిగ్గా దొరికే బటన్ ఉండాలి. 2024 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది, ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు 11 నుంచి మొదలవుతాయి. 'వీలైన చోట' అన్న మాటలో ఎంత పెద్ద సందు ఉందో మా ప్రోడక్ట్ పెద్దాయన లాంటివాళ్లు కొలుస్తూనే ఉంటారు. అయినా ఆ వాక్యం ఆ రోజు నా చేతిలో ఉండి ఉంటే మెయిల్‌లో రాసేవాణ్ని. నాకు నచ్చదు అని కాదు, కుదరదు అని రాసేవాణ్ని.

రెండోది నాకు ఇంకా ఇష్టమైనది. 2011లో, వెబ్‌సైట్లు అసలైనవేనని చెప్పే సర్టిఫికెట్లు జారీ చేసే డిజినోటార్ అనే డచ్ కంపెనీలోకి ఎవరో దూరి, గూగుల్ పేరుతో సహా వందల నకిలీ సర్టిఫికెట్లు చేసుకున్నారు. వాటితో ఇరాన్‌లో జనం జీమెయిల్ మీద నిఘా పెట్టారు. ఆ దెబ్బతో ఆ కంపెనీ దివాలా తీసింది. దాని తర్వాత వచ్చిన ఏర్పాటే సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ. జారీ చేసిన ప్రతి సర్టిఫికెట్టూ ఒక బహిరంగ చిట్టాలోకి ఎక్కాలి. చిట్టాలో చేర్చడమే తప్ప చెరపడం ఉండదు. ఎక్కని సర్టిఫికెట్‌ను 2018 నుంచి క్రోమ్ నమ్మడం మానేసింది. అప్‌డేట్లకూ ఇదే పెట్టొచ్చు. చిట్టాలో లేని ఫర్మ్‌వేర్‌ను రౌటర్ ఎక్కించుకోదు. అప్పుడు ఒక్క సీరియల్ నంబర్ కోసం చేసిన బిల్డ్ కూడా అందరి కళ్లముందు ఉండాల్సిందే. గూగుల్ పిక్సెల్ ఫోన్ల సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌కు ఇలాంటి చిట్టా ఇప్పటికే ఉంది, గో అనే ప్రోగ్రామింగ్ భాష మాడ్యూళ్లకూ ఉంది. ఇది మంచి కోడ్‌కి హామీ కాదు, సోలార్‌విండ్స్ లాంటి దాన్ని ఆపదు. రహస్యాన్ని మాత్రం ఖరీదైన పని చేస్తుంది. ఆ సాయంత్రం లీగల్ ఆవిడకు నేను ఇంకో జవాబు చెప్పగలిగేవాణ్ని: అవుతుంది మేడమ్, కానీ లోకానికంతా తెలుస్తుంది.

ఇక ఆ కార్డు సంగతి. కొన్నాళ్లకు మా కంపెనీని ఇంకో కంపెనీ కొనుక్కుంది. అప్పగింతల రోజు కుర్చీలు, మానిటర్లు, ప్రొజెక్టర్లు అన్నీ లెక్కపెట్టి సంతకాలు తీసుకున్నారు. కార్డును నేను ఒక కవర్లో పెట్టి, పిన్ ఇంకో కవర్లో పెట్టి ఇచ్చాను. తీసుకున్న కుర్రాడు "ఇది ఏ తలుపుదండీ?" అని అడిగాడు. ఆఫీసు గేటు కార్డు అనుకున్నాడు పాపం. రిజిస్టర్‌లో 'యాక్సెస్ కార్డు, 1' అని రాసుకున్నాడు. నేను దిద్దలేదు, ఒక రకంగా సరిగ్గానే రాశాడు. రౌటర్ కొన్నవాళ్లెవరికీ తాళం చేతులు మారిన కబురు వెళ్లలేదు. వాళ్లను అడగాలని చట్టంలోనూ లేదు, మాకూ తట్టలేదు.

ఆ కంపెనీ రౌటర్ మా ఇంట్లో ఇంకా పనిచేస్తోంది. నా సంతకంతో వెళ్లిన చివరి వెర్షన్ మీదే ఉంది.

నాన్న ఫోన్‌లో ఆదివారం సాయంత్రం అప్‌డేట్ వేశాను. ముందు ఆయన నంబర్లన్నీ కాగితం మీద రాయించారు, నా చేతే. అది రీస్టార్ట్ అయ్యేదాకా పక్కనే కూర్చున్నారు. ఈసారి నంబర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఫొటోల కింద కొత్త బటన్ ఒకటి వచ్చింది. అదేమిటో నాకూ తెలియదు.

"దొంగల కోసమేనంటావా ఇది?" అన్నారు.

రిలీజ్ నోట్స్ తెరిచి చూశాను. "సెక్యూరిటీ మెరుగుదలలు, బగ్ ఫిక్సులు" అని ఉంది.